పానా మీద పేరు

పెళ్ళిలో చదివించటానికి స్టీలు బిందె కొన్నామనుకోండి. కొట్టువాడు డబ్బు తీసుకుని, చిల్లర చేతికిచ్చి, చివర్న ఒక ప్రశ్న వేస్తాడు. "పేరేం వెయ్యమంటారమ్మా?" మనం చీటీ మీద రాసిస్తాం. అతను ఆ చిన్న మిషను పట్టుకుని, జుయ్యిమని చప్పుడు చేస్తూ, బిందె మెడ మీద మన పేరు చుక్కలు చుక్కలుగా చెక్కి ఇస్తాడు. బిందె పోయేది వాళ్ళింటికి. పేరు మాత్రం మనది.

ఈ మధ్య అటక మీది సామాను దింపి తోమిస్తూ, నా వంటింటి గిన్నెలన్నీ ఒకసారి పరీక్షగా చూశాను. పులుసు గిన్నె మీద మా పెదనాన్నగారి పేరు. పాల తపేలా మీద మా వారి ఆఫీసు స్నేహితులు ముగ్గురి పేర్లు. ఇత్తడి గంగాళం మీద మా అత్తగారి అత్తగారి పొడి అక్షరాలు. ముప్ఫయి ఎనిమిదేళ్ళుగా వీటితో వండుతున్నదాన్ని నేను. నా పేరున్న గిన్నె ఒక్కటంటే ఒక్కటి లేదు! నా పేరున్నవన్నీ ఊళ్ళో ఎవరెవరి ఇళ్ళల్లోనో ఉన్నాయి. వాటిమీదైనా ముందు మా వారి పేరు, తర్వాత నాది.

నవ్వుకుని వదిలేసే సంగతే ఇది. వదిలేసేదాన్నే కూడా, ఆ వారంలోనే మెకానిక్ షెడ్డు కుర్రాడు వచ్చి ఆరువేలు అప్పు అడక్కపోతే.

మా కారు పదమూడేళ్ళది. దానికి దగ్గొచ్చినా జ్వరమొచ్చినా వీధి మలుపులో ఉన్న షెడ్డుకే తీసుకెళతాం. అక్కడి మేస్త్రికి అరవై దగ్గర పడ్డాయి. అంబాసిడర్ల కాలంలో పని నేర్చినవాడు. ఈ కుర్రాడు ఇంటరు తప్పి, పద్ధెనిమిదో ఏట ఆయన దగ్గర చేరాడు. ఆరేళ్ళయింది. ఇప్పుడు మేస్త్రి కుర్చీలో కూచుని చెబుతుంటే, కారు కిందికి దూరేది ఇతనే.

"ఎందుకు నాయనా ఆరువేలు?" అన్నాను.

"పానాల సెట్టు కొనుక్కుంటానమ్మా."

"షెడ్డు నిండా పానాలేగా!"

"అవి మేస్త్రివి కదమ్మా."

నాకు సబబుగా తోచలేదు. మేస్త్రివైతేనేం, తిప్పేది నువ్వేగా అన్నాను. అతను కొంచెం సిగ్గుపడి, "ఆదివారం ఎవరైనా బండి ఆగిపోయిందని ఫోను చేస్తే నా దగ్గర ఒక్క పానా ఉండదమ్మా. చెయ్యి ఉంటుంది. చేత్తో బోల్టు తిప్పలేం గదా" అన్నాడు.

ఆలోచించి చెబుతానని పంపించేశాను. డబ్బు గురించి కాదు నా ఆలోచన. పని ఒకరిదీ, పనిముట్టు ఇంకొకరిదీ అయితే ఆ పని ఎవరిది? ఇంత పెద్ద ప్రశ్న ఇంత చిన్న పానాలో ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

అప్పుడు జ్ఞాపకం వచ్చింది. కొన్నేళ్ళ క్రితం అమెరికాలో, ఒహాయోలో ఉన్న మా తమ్ముడి ఇంటికి వెళ్ళాను. ఒకరోజు వాడి కారు రిపేరుకిచ్చి, అక్కడే బెంచీ మీద కూచున్నాం. అద్దంలోంచి లోపలికి చూస్తే, గోడవారగా వరసగా ఎర్ర బీరువాలు. ఒక్కోటి మా పుట్టింటి ఇనప్పెట్టెకు రెండింతలుంది. కింద చక్రాలు, నిండా సొరుగులు, పైన తాళాలు.

"ఈ షాపతనికి ఇన్ని బీరువాలెందుకురా?" అన్నాను.

"షాపతనివి కావక్కా. ఒక్కోటి ఒక్కో మెకానిక్‌ది. ఉద్యోగం మానేస్తే బీరువా లారీ ఎక్కించుకుని మరీ వెళ్ళిపోతాడు" అన్నాడు.

నేను వేళాకోళమనుకున్నాను. కాదు. అక్కడ మామూలు పద్ధతే అది. కారెత్తే పెద్ద యంత్రాలు షాపువి. చేతి పనిముట్లు మాత్రం మెకానిక్ సొంత డబ్బుతో కొనుక్కోవాలి. కొత్తగా చేరినవాడు చిన్న పెట్టెతో వస్తాడు. పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు పనిచేసేసరికి ఆ పెట్టె విలువ పదుల వేల డాలర్లకు చేరుతుంది. ఖాళీ బీరువా ఒక్కటే పదివేల డాలర్లు దాటేవి ఉన్నాయట! ఎవరి పానా మీద వారు పేరు చెక్కుకుంటారు, మన స్టీలు గిన్నెల మీద చెక్కినట్టే. తేడా ఏమిటంటే, వాళ్ళు వాడుకునేవాడి పేరు చెక్కుతారు.

ఆ పనిముట్లు అమ్మే తీరు వింటే మీకూ నాలాగే నవ్వొస్తుంది. వారానికోసారి పెద్ద వ్యాను షాపు ముందుకొచ్చి ఆగుతుంది. లోపల ఎక్కడ చూసినా తళతళలాడే పానాలు, సాకెట్లు, ప్లయర్లు. మెకానిక్కులు కాఫీ వేళ అందులోకి ఎక్కి, ఒకటి చూద్దామనుకుని మూడు తీసుకుంటారు. డబ్బు అప్పుడే ఇవ్వనక్కర్లేదు, వారం వారం కట్టవచ్చు. ఇంటికొచ్చి వాయిదాల మీద చీరలమ్మే ఆవిడ మీకు జ్ఞాపకం రావటం లేదూ? "డబ్బుదేముందమ్మా, తర్వాతివ్వండి" అన్న మాటలో ఉన్న బలం ఆవిడకు తెలిసినట్టు ఎవరికి తెలుసు!

ఇలాంటి కంపెనీల్లో పేరున్నది స్నాప్-ఆన్. 1920లో విస్కాన్సిన్ రాష్ట్రం మిల్వాకీలో మొదలయింది. జోసెఫ్ జాన్సన్ అనే ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. ఒక్కో బోల్టుకు పిడితో సహా ఒక్కో పానా ఎందుకు? పిళ్ళు వేరు, తలలు వేరు చేస్తే దేన్ని దేనికైనా తగిలించుకోవచ్చు కదా! తను పనిచేసే కంపెనీ ఆ ఆలోచన అక్కర్లేదంది. స్నేహితుడితో కలిసి ఆయనే మొదలుపెట్టాడు. అయిదు పిళ్ళు, పది తలలు. వాటితో యాభై పానాల పని. ఖర్చు తగ్గించటానికి పుట్టిన వస్తువే, నూరేళ్ళు తిరిగేసరికి, బీరువా అప్పుగా మారింది. సంసారాల్లో కూడా ఇంతే. గ్రైండరు కొన్నది తీరిక కోసం. ఆ తీరిక ఎటు పోయిందో చెప్పండి చూద్దాం.

మరి అంత డబ్బు పోసి ఎందుకు కొంటారు? దానికీ కారణముంది. అమెరికాలో చాలా షాపుల్లో మెకానిక్‌కు గడియారం చూసి జీతమివ్వరు. ఏ రిపేరుకు ఎంతసేపు అని పుస్తకంలో రాసి ఉంటుంది. గంట అని రాసి ఉన్న పనిని ముప్పావుగంటలో చేసినా గంట కూలే, రెండు గంటలు తంటాలు పడినా గంట కూలే. కాబట్టి చేతికి అందని మూలలో ఉన్న బోల్టును చిటికెలో తీసే పానా దొరికితే, అప్పు చేసైనా కొంటాడు. పని త్వరగా అయితే లాభం షాపుకూ ఉంది. పానా ఖర్చు మాత్రం అతనిది. కాలిఫోర్నియా రాష్ట్రంలో దీనికొక కట్టుబాటు పెట్టారు. కనీస వేతనానికి రెండింతలైనా జీతమిచ్చినప్పుడే, వృత్తికి మామూలుగా కావలసిన చేతి పనిముట్లు నువ్వే తెచ్చుకో అని ఉద్యోగితో అనవచ్చు. లేకపోతే యజమానే ఇవ్వాలి.

ఇదంతా విని, "స్వేచ్ఛంటే ఇదీ! నచ్చకపోతే పెట్టె సర్దుకుని పోవచ్చు" అనుకున్నాను నేను. మా తమ్ముడు నవ్వి, "వాయిదాలు కట్టేవాడు ఎక్కడికి పోతాడక్కా?" అన్నాడు.

ఇక జర్మనీ సంగతి. మా ఆడపడుచు కొడుకు అక్కడ కార్ల మెకానిక్ పనే నేర్చుకుంటున్నాడు. మూడున్నరేళ్ళ శిక్షణ. కొన్ని రోజులు షాపులో పని, కొన్ని రోజులు బడిలో పాఠం. కుర్రాడు ఆరువేలు అడిగిన రాత్రి నేను ఫోను చేసి, "నీ పానాలు ఎన్నిరా?" అని అడిగాను.

"నావేం లేవత్తయ్యా. అన్నీ షాపువే" అన్నాడు. వాడు వాడేది చక్రాల బండి మీది పెట్టె. ఏ సొరుగులో ఏ పానా ఉండాలో దానికి తగిన ఆకారంలో గుంట చేసి ఉంటుందట. సాయంత్రం గుంట ఖాళీగా కనబడిందంటే పానా దొరికేదాకా వెతకాల్సిందే. ఎందుకంటే అది కారు ఇంజనులో ఉండిపోయి ఉండవచ్చు.

జర్మనీలో 1969లో వృత్తి శిక్షణ చట్టం చేశారు. నేర్చుకునేవాడికి కావలసిన పనిముట్లూ, సరుకూ యజమానే ఉచితంగా ఇవ్వాలని అందులో ఉంది. శిక్షణ అయ్యాక కూడా చేతి పనిముట్లు మామూలుగా షాపే సమకూరుస్తుంది. పనిముట్లకు అక్కడ కరువా అంటే, అదీ కాదు. రెమ్‌షైడ్ అనే ఊరు పనిముట్లకే పేరు మోసింది, మనకు నిర్మల్ బొమ్మలకున్నట్టు. హెర్మన్ జెర్వర్ అనే ఆయన 1868లో అక్కడ మొదలుపెట్టిన కంపెనీ తన పేరులోని రెండు పొడి అక్షరాల్నే, జర్మన్లు పలికినట్టు రాసుకుని, హాత్సెట్ అని పిలిపించుకుంటుంది. అంత మంచి పానాలు చేసే దేశంలో మెకానిక్ సొంతానికి కొనుక్కోనవసరం లేదు.

"మరి మానేస్తే ఏం తీసుకెళతావు?" అన్నాను.

"కాగితం" అన్నాడు. పరీక్ష నెగ్గినవాడికి గెసెలెన్‌బ్రీఫ్ అని ఇస్తారు. పని వచ్చినవాడని చెప్పే పత్రం. అది చూపిస్తే దేశంలో ఏ షాపులోనైనా నిలబడవచ్చు. అక్కడి పెట్టె అక్కడ, ఇక్కడి పెట్టె ఇక్కడ.

మర్నాడు షెడ్డుకు వెళ్ళి మేస్త్రితో ఈ కబుర్లు చెప్పాను. కుర్రాడి అప్పు మాట ఎత్తలేదు లెండి. ఆయనకు సరదా పుట్టి తన పెట్టె తెరిచి చూపించాడు. నల్లబడిన ఇనప పెట్టె. మూత మీద ఎప్పటిదో పసుపు, కుంకం. ప్రతి పానా మీదా ఆకురాయితో గీసిన రెండు గీతలు. అదీ ఆయన సంతకం.

ఏ పెట్టెకా పెట్టె చరిత్ర పుస్తకమని నాకప్పుడు తెలిసింది. అంబాసిడర్ ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సంతానం కాబట్టి పాత బళ్ళ బోల్టులు అంగుళాల లెక్క. ఫియట్‌ది ఇటలీ, మిల్లీమీటర్ల లెక్క. అంచేత ఆయన దగ్గర రెండు కుటుంబాల పానాలూ ఉన్నాయి, ఒకే ఇంట్లో ఇద్దరు తోడికోడళ్ళ సామానులాగా. 1983 డిసెంబరులో మారుతి వచ్చింది, జపాను సుజుకి సాయంతో. దాంతో జపాను కొలతలు వచ్చాయి. ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టుకు జర్మనీ బండిలో 13 నంబరు పానా పడితే, జపాను బండిలో సాధారణంగా 12 పడుతుంది. 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. అంగుళాల పానాలు పెట్టె అడుగున ఉండిపోయాయి. పారెయ్యలేదేమని అడిగితే, "ఎవరో ఒకరు తోసుకుంటూ వస్తారమ్మా" అన్నాడు. అమెరికా మెకానిక్కులకూ ఇదే తిప్పలు. పాత బళ్ళవి అంగుళాలు, కొత్తవి మిల్లీమీటర్లు. రెండు సెట్లూ కొనుక్కోవాలి. ఇంగ్లండులో ఇంకా వింత. విట్‌వర్త్ అనే దొర 1841లో పెట్టిన కొలతల పానాల మీద రాసి ఉండే అంకె పానా నోటిది కాదు, బోల్టు మరది. అర అంగుళం అని రాసి ఉంటుంది. పట్టి చూస్తే నోరు అంతకంటే పెద్దది!

మేస్త్రి పెట్టెలో కొన్ని వికార రూపాలు కూడా ఉన్నాయి. ఒక పానా ఏనుగు తొండంలా వంగి ఉంది. మామూలు పానాను కొలిమిలో కాల్చి ఆయనే వంచాడట, ఒకానొక బండిలో ఒకానొక బోల్టు కోసం. బేరింగు లాగే పుల్లరు పాత ఇనప ముక్కలతో వెల్డింగు చేయించినది. అమెరికాలో అలాంటి మూల బోల్టుకు కేటలాగులో వేరే పానా ఉంటుంది. ఇక్కడ ఉన్న పానాయే ఇంకో అవతారమెత్తుతుంది. క్యూబాలో ఈ విద్య ఇంకా ముదిరింది. 1962 నుంచి అమెరికాతో వర్తకం ఆగిపోతే, అప్పటి షెవర్లే కార్లకు దొరికిన డీజిలు ఇంజన్లు బిగించి, కావలసిన భాగాలూ పనిముట్లూ తామే చేసుకుంటూ ఇప్పటికీ నడుపుతున్నారు. లేమి ఎంత బాగా నేర్పుతుందో మనకు తెలియనిదా? అప్పడాల కర్ర లేకపోతే సీసాతో చపాతీలు వత్తినవాళ్ళమే కదా మనం.

అన్ని దేశాల మెకానిక్కులూ ఏకీభవించే సంగతి ఒకటుందిట. ఎన్ని కొన్నా 10 నంబరు పానా మాత్రం కనబడకుండా పోతుంది. మన ఇళ్ళల్లో టీ వడకట్టే గంటె లాగా.

ఇంటికొచ్చి కూచున్నాను. అమెరికా మెకానిక్ పెట్టెతో వెళతాడు. జర్మనీ మెకానిక్ కాగితంతో వెళతాడు. మరి మా వీధి కుర్రాడు? పెట్టె మేస్త్రిది. కాగితమా, ఎవరూ ఇవ్వలేదు. ఆరేళ్ళు నేర్చినవాడు, చేరిననాటి లాగే ఉత్త చేతులతో బయటికి రావాలి. వాడి పని తెలిసినవాళ్ళు ఈ రెండు వీధుల్లోనే ఉన్నారు.

పని చేతిలో ఉంటే చాలదా అంటారేమో. చాలదు. నాకు తెలుసు. మా అమ్మ చేతిలో కుట్టు ఉండేది. మా మేనత్త తన కుట్టుమిషను మా ఇంట్లో పెట్టుకోమంటే, అమ్మ వీధిలో వాళ్ళ రవికలన్నీ కుట్టి, నెలకింత పోపులడబ్బాలో దాచేది. ఆ డబ్బుతోనే మా అక్క పరీక్ష ఫీజు కట్టింది. ఒక ఏడు మేనత్త కూతురికి పెళ్ళి కుదిరింది. సారెలో మిషను పెట్టాలని పట్టుకెళ్ళిపోయారు. అందులో తప్పేముంది? మిషను వాళ్ళది. అమ్మ ఒక్కమాట అనలేదు. దాని మీదున్న గుడ్డ కప్పు తనే కుట్టింది, అది కూడా మడిచి ఇచ్చేసింది. కుట్టు అమ్మ చేతిలోనే ఉండిపోయింది. పోపులడబ్బాలో మాత్రం పోపులే మిగిలాయి.

కుర్రాణ్ణి పిలిచి ఆరువేలూ ఇచ్చాను.

కథ అక్కడ అయిపోతే నా అంత మంచిది లేదని నేనూ మురుసుకునేదాన్ని. పదిహేను రోజుల తర్వాత మేస్త్రి వచ్చాడు. ఎప్పుడూ గుమ్మం దాటి లోపలికి రాని మనిషి, వచ్చి కుర్చీ అంచున కూచున్నాడు. కుర్రాడు మెయిన్‌రోడ్డు మీద చిన్న షెడ్డు అద్దెకు మాట్లాడుకున్నాడట.

"అమ్మగారూ, ఆరేళ్ళు నేర్పాను. ఫీజు తీసుకున్నానా? వాడు విరగ్గొట్టిన బోల్టులకు లెక్క రాశానా? పండక్కి బట్టలు పెట్టాను. మధ్యాన్నం నా క్యారేజీలోనే తిన్నాడు. మీరు పెద్ద మనసుతో పానాలు కొనిచ్చారు. పని ఎవరు కొనిచ్చారమ్మా?" అన్నాడు.

నాకు సమాధానం తోచలేదు. మంచినీళ్ళిచ్చాను. తాగి వెళ్ళిపోయాడు.

ఆయన మాట అబద్ధం కాదు. కుర్రాడు తెల్లవారుజామున వచ్చి ఊడ్చింది, తన పేరు లేకుండా వందల బళ్ళు బాగుచేసింది, చాలీచాలని జీతానికి ఆరేళ్ళు చేసింది కూడా అబద్ధం కాదు. ఎవరు ఎవరికి బాకీ? ఇద్దరికీ తామే ఇచ్చామని ఉంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఇది అత్తాకోడళ్ళ మధ్య విననిదా? "ఇంటి పనంతా నేర్పాను" అని ఆవిడ. "ఇంటి పనంతా చేశాను" అని ఈవిడ.

నైజీరియాలో ఇబో వర్తకుల్లో ఒక ఆనవాయితీ ఉంది. మోటారు విడిభాగాల అంగళ్ళలోనూ అదే పద్ధతి. కుర్రాడు చేరేటప్పుడే ఎన్నేళ్ళని మాట్లాడుకుంటారు. అన్నేళ్ళూ జీతం లేకుండా యజమాని దగ్గర ఉండి పని నేర్చుకుంటాడు. గడువు తీరాక యజమాని అతనికి సొంత అంగడి పెట్టుకోవటానికి పెట్టుబడి ఇచ్చి సాగనంపాలి. అక్కడా మాట తప్పేవాళ్ళు ఉండకపోరు. కానీ వెళ్ళిపోవటం ద్రోహం కాదు. అది మొదటిరోజు అనుకున్న ముగింపే. తన దగ్గర నేర్చినవాడు ఎదురుగా అంగడి తెరిస్తే అది యజమానికి పేరు.

మన దగ్గర మొదటిరోజు ఏమీ అనుకోం. "మనవాడే, ఉండనీ" అంటాం. ఆ "మనవాడే"లో ప్రేమ లేదని అనను. కానీ లెక్క చెప్పకుండా చేసిన దయ ఎప్పుడో ఒకనాడు లెక్క అడుగుతుంది. అప్పటికి అంకెలు ఎవరికీ జ్ఞాపకముండవు. కష్టం మాత్రం జ్ఞాపకముంటుంది.

ఏకలవ్యుడి కథ మనందరికీ తెలిసిందే. చిన్నప్పుడు ఆ కథ విని ఏడ్చాను. ఇప్పుడు ఇంకొకటి తోస్తోంది. ద్రోణుడు విల్లు అడగలేదు, గమనించారా? విల్లు పోతే ఇంకో విల్లు చేసుకుంటాడు. అందుకే వేలడిగాడు. పనిముట్టు మీద హక్కు మాట్లాడుకోవచ్చు. అది షాపుది, ఇది నాది, వాయిదాలు ఇన్ని. చేతి మీద మాత్రం ఎవరికీ హక్కు ఉండకూడదు, నేర్పినవాడికైనా సరే. ఆ మాటకొస్తే మా మేస్త్రి వేలు అడగలేదు పాపం. "నీకు పని నేర్పింది నేను" అన్న మాట ఎవరైనా గట్టిగా ఒప్పుకోవాలని, అంతే ఆయన బాధ.

పైగా రోజులు మారుతున్నాయి. ఇప్పటి కారుకు జబ్బు చేస్తే చెప్పేది చెవి కాదు, స్కానరు. అమెరికాలో 1996 నుంచీ కార్లన్నిటికీ ఆ మిషను తగిలించే ఒకే రకం సాకెట్టు పెట్టి తీరాలన్నారు. కానీ లోపలి రహస్యాలు కంపెనీల చేతిలో ఉంటే బయటి మెకానిక్ ఏం చేస్తాడని గొడవ వచ్చింది. 2012లో మసాచుసెట్స్ ప్రజలు ఓట్లు వేసి, రిపేరు వివరాలు బయటి షాపులకూ ఇచ్చి తీరాలని తీర్మానించారు. స్కానర్లలో చాలావాటికి మిషను కొన్నాక కూడా ఏటేటా చందా కట్టాలి. కట్టకపోతే కొత్త బళ్ళ భాష దానికి రాదు. దాని మీద పేరు చెక్కుకుని ఏం లాభం? మేస్త్రికి ఆ మిషను వాడటం రాదు. కుర్రాడికి వచ్చు. ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా ఉంటే నష్టం ఎవరికో మా కారుకు తెలుసు.

కుర్రాడికి ఇదంతా చెప్పలేదు నేను. ఒకటే అన్నాను. "షెడ్డు తెరిచే ముందు మేస్త్రి దగ్గరికి ఒకసారి వెళ్ళు నాయనా. డబ్బు కోసం కాదు." తల ఊపాడు. వెళ్ళాడో లేదో నేను అడగలేదు.

విజయదశమి నాడు కారుకు పూజ చేయించటానికి మేస్త్రి షెడ్డుకు వెళ్ళాం. బల్ల మీద పానాలన్నీ కడిగి, వరసగా పేర్చి, పసుపు కుంకాలు పెట్టి ఉన్నాయి. ఏడాదిలో ఆ ఒక్కరోజు వాటికి సెలవు. నిమ్మకాయలు, అరటిపళ్ళు, అగరొత్తుల పొగ. కుర్రాడు కొత్త పెట్టె మోసుకుని వచ్చాడు. ఏమీ మాట్లాడకుండా బల్ల పక్కన కింద పెట్టి నిలబడ్డాడు. మూత మీద తెల్ల రంగుతో వాడి పేరు.

మేస్త్రి కూడా ఏమీ మాట్లాడలేదు. వంగి మూత తెరిచాడు. పానాలు ఒక్కొక్కటే చేత్తో తడుముతూ చూశాడు. ఒక దగ్గర చెయ్యి ఆగింది. దాన్ని పైకి తీసి వెలుగులో తిప్పి చూశాడు. 10-11 పానా. మీద ఆకురాయితో గీసిన రెండు గీతలు.

కుర్రాడి మొహం పాలిపోయింది. "పొరపాటున కలిసిపోయింది మేస్త్రీ. ఒట్టు."

మేస్త్రి దాన్ని పైగుడ్డతో తుడిచాడు. కుంకం వేలికద్దుకుని దానికి బొట్టు పెట్టి, మళ్ళీ ఆ పెట్టెలోనే, మిగతావాటి మధ్య పెట్టి, మూత వేశాడు.

"గీతలు చెరపమాకు" అన్నాడు.